తుడిచాకే చదవాలి: ట్యాంకు సెన్సార్లతో నా అనుభవ పాఠాలు

మా చిన్నప్పుడు కాలువ లాకు గోడకి అడుగులూ అంగుళాలూ రాసిన తెల్ల పలక ఒకటి ఉండేది. వానాకాలం పొద్దున్నే లస్కరు గారు మెట్లు దిగి, తడిపిన గోనెగుడ్డతో పలక మీద పాచి తుడిచేవారు. అల సద్దుమణిగే దాకా ఆగి, అప్పుడు అంకె చదివి పుస్తకంలో రాసుకునేవారు. "తుడవకుండా చదివితే ఏమవుతుందండీ?" అని ఒకసారి అడిగాను. "పాచి గీతే నీటి గీత అనుకుంటావురా అబ్బాయ్" అన్నారు.

కోనసీమలో పుట్టినవాళ్లకి మట్టం విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె చెవిన పడితే చాలు, లంకల్లో గొడ్లని విప్పి గట్టుకి తోలేస్తారు. అంకె తప్పయితే బతుకే తలకిందులు.

నేను రాజోలులో మోటార్లు చుట్టడం, వైరింగు నేర్చుకున్నాను. మా వైపు చాలామందిలాగే గల్ఫ్ వెళ్లాను. కువైట్‌లో లేబర్ క్యాంపుల్లో పోర్టా క్యాబిన్ల కింద మురుగు ట్యాంకులు, వాటి మట్టం చెప్పే దీపాలు నా డ్యూటీ. తిరిగొచ్చాక మేడల మీద మంచినీళ్ల ట్యాంకులు, ఆ తర్వాత గోదావరి మీద హౌస్‌బోట్లు. 2019లో అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు అద్దె మోటర్‌హోమ్‌లో, అంటే ఇల్లులాంటి బండిలో, ఊళ్లు తిరిగాం. ఎక్కడికెళ్లినా ట్యాంకు జబ్బు ఒకటే, మందూ ఒకటే. వయసు మీద పడింది కాబట్టి, ఈ పని చేసే కుర్రాళ్ల కోసమూ, ఇంట్లోనో బండిలోనో ఈ దీపాలని నమ్ముకున్నవాళ్ల కోసమూ నేర్చుకున్నది రాస్తున్నాను.

1. ముందు దీపం ఎలా వెలుగుతుందో తెలుసుకోండి

మోటర్‌హోమ్‌లో మూడు ట్యాంకులు ఉంటాయి. ఒకటి మంచినీళ్లది. రెండోది స్నానం నీళ్లు, వంటగది నీళ్లు చేరేది, దాన్ని గ్రే ట్యాంకు అంటారు. మూడోది మరుగుదొడ్డిది, బ్లాక్ ట్యాంకు. పాత పద్ధతిలో ట్యాంకు పక్క గోడకి కింద నుంచి పైకి మూడు నాలుగు స్టీలు బోల్టులు బిగిస్తారు. బోల్టు తల లోపల నీటికి తగులుతుంది, తోక బయట వైరుకి తగులుతుంది. నీరు పెరిగి ఒక్కో బోల్టుని ముంచినప్పుడల్లా నీటి గుండా కొద్దిపాటి కరెంటు పారి ఒక్కో దీపం వెలుగుతుంది. ఖాళీ, మూడో వంతు, రెండు వంతులు, నిండు. మన మేడ మీద ట్యాంకులో వేలాడదీసే ప్రోబులదీ ఇదే సూత్రం.

నా దగ్గర పనికి చేరిన ప్రతి కుర్రాడి చేతా మొదటిరోజు ఒక పని చేయిస్తాను. గాజు గ్లాసు, రెండు మేకులు, టార్చి బ్యాటరీలు, చిన్న ఎల్‌ఈడీ. మంచినీళ్లలో మేకులు ముంచితే దీపం మిణుకుమంటుంది. చిటికెడు ఉప్పు వేస్తే భగ్గుమంటుంది. తర్వాత నీళ్లు పారబోసి, మేకుల మధ్య తడి గుడ్డపీలిక ఒకటి అడ్డం వేస్తే దీపం మళ్లీ వెలుగుతుంది. గ్లాసులో చుక్క లేదు, దీపం మాత్రం "ఉంది" అంటోంది. ఆ తడి పీలిక గుర్తున్నవాడికి ఈ పనిలో సగం వచ్చినట్టే.

2. "నిండింది" అని దీపం చెబితే కంటితో చూసి ఒప్పుకోండి

గ్రాండ్ కాన్యన్ దారిలో ఒక క్యాంపు దగ్గర బ్లాక్ ట్యాంకు మొత్తం ఖాళీ చేయించాం. గొట్టంలో చివరికి సన్నటి ధార కూడా ఆగిపోయింది. బండెక్కి బటన్ నొక్కితే "రెండు వంతులు" దీపం వెలిగే ఉంది. మా అబ్బాయి కంగారుపడ్డాడు. "నాన్నా, ఖాళీ అవ్వలేదేమో, మళ్లీ క్యూలో నిలబడదామా?" అన్నాడు. "నువ్వు చూసిన గొట్టం నిజమా, దీపం నిజమా?" అన్నాను. కమోడ్ మూత తీసి, కింద పెడలు నొక్కి, టార్చి వేసి చూశాం. అడుగు కనిపిస్తోంది. ట్యాంకు గోడకి మాత్రం నానిపోయిన టిష్యూ కాగితం, బోల్టు ఉండే చోట తడిగా అంటుకుని ఉంది. నా గ్లాసులో గుడ్డపీలికే అది.

ఏ ట్యాంకుకైనా దీపం కాకుండా రెండో సాక్ష్యం ఒకటి ఉండాలి. మేడ మీద అయితే మూత తీసి చూడటం, సంపు అయితే వెదురు బద్ద, మోటర్‌హోమ్ అయితే టార్చి. రెండూ ఒకే మాట చెప్పినప్పుడే నమ్మండి.

3. మురికి ముందు, తీగ తర్వాత, పెట్టె ఆఖర్న

నా అనుభవమంతా ఈ వరసలో ఇమిడిపోతుంది. దీపం తప్పు చెబితే జనం ముందు దీపాలుండే పెట్టె మార్చేస్తారు, ఎందుకంటే కంటికి కనిపించేది అదే. నా చేతికొచ్చిన వాటిలో ఎక్కువ భాగం ట్యాంకు లోపలి మురికివే. ఆ తర్వాత తీగలవి. పెట్టె నిజంగా పోయింది అరుదు.

బ్లాక్ ట్యాంకులో కాగితం, మలం. గ్రే ట్యాంకులో సబ్బు తెట్టు, వంట జిడ్డు. మంచినీళ్ల ట్యాంకులో పాచి, గార, ఇనుము ఎక్కువున్న బోరు నీరైతే ఎర్ర మడ్డి. జనం బ్లాక్ ట్యాంకునే అనుమానిస్తారు గానీ, గ్రే ట్యాంకు జిడ్డు కూడా తక్కువది కాదు. నూనె పొర గోడకి పట్టి, దాని మీద సబ్బు, దాని మీద మెతుకు చేరి, చివరికి రెండు బోల్టుల మధ్య తడి దారి తయారవుతుంది.

మందు సులువే, ఓపిక కావాలి. ట్యాంకు ఖాళీ చేసి, సగానికి పైగా మంచినీళ్లు నింపి, కాస్త గిన్నెలు తోమే సబ్బు నీళ్లు పోసి, ఒక రాత్రి నానబెట్టాలి. బండి నడుస్తుంటే ఇంకా మంచిది, కుదుపుకి నీళ్లు గోడని తామే కడుగుతాయి. తర్వాత ఖాళీ చేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. గ్రాండ్ కాన్యన్ దారిలో మేము అదే చేశాం. మర్నాడు మధ్యాహ్నానికి దీపం దిగి "ఖాళీ"కి వచ్చింది. ఒక్కసారికి దిగకపోతే రెండోసారి, మూడోసారి చేయండి. నెలలుగా పట్టిన మురికి ఒక రాత్రికి వదలదు.

4. బ్లాక్ ట్యాంకులో నీళ్ల పిసినారితనం పనికిరాదు

ట్యాంకు త్వరగా నిండిపోతుందన్న భయంతో చాలామంది చెంచాడు నీళ్లు పోసి ఫ్లష్ చేస్తారు. ఇంకొందరు క్యాంపులో గొట్టం తగిలించి వాల్వు తెరిచే ఉంచేస్తారు. రెండూ తప్పే. వాల్వు తెరిచి ఉంటే నీరు జారిపోయి ముద్ద మిగులుతుంది. కమోడ్ కిందే గుట్ట కట్టి గట్టిపడుతుంది. వాల్వు మూసి ఉంచి, ట్యాంకు రెండు వంతులు నిండాక ఒక్కసారి తెరిస్తే, ఆ నీటి బరువే మురికిని లాక్కుపోతుంది. ముందు బ్లాక్ ట్యాంకు వదిలి, తర్వాత గ్రే ట్యాంకు వదిలితే సబ్బు నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. ఖాళీ చేశాక మళ్లీ ఒక బకెట్ నీళ్లు పోసి ప్రయాణం మొదలెట్టాలి, అడుగు ఎండకుండా ఉంటుంది.

ఇక్కడ మన అలవాటే మంచిదని నేను ధైర్యంగా చెబుతాను. మనం మగ్గుతో నీళ్లు వాడతాం. ట్యాంకు తొందరగా నిండుతుంది నిజమే. 40 గ్యాలన్ల ట్యాంకు అంటే 150 లీటర్లే. కానీ కాగితం ఉండదు కాబట్టి బోల్టులకి అంటుకునేదీ తక్కువే. ఆ ప్రయాణంలో మిగతా రోజులు మా కుటుంబం మగ్గే వాడింది, దీపాలు మళ్లీ మొరాయించలేదు.

5. తీగ దగ్గర రెండు పరీక్షలు చాలు

కడిగినా దీపం మారకపోతే ట్యాంకు బయటికి రండి. పై బోల్టుకి ఉన్న వైరు ఒక్కటీ విప్పి, దేనికీ తగలకుండా పట్టుకోండి. "నిండు" దీపం ఆరిపోతే తీగా పెట్టే రెండూ మంచివే, తప్పు బోల్టు దగ్గర మురికిది. వైరు విప్పినా దీపం వెలుగుతూనే ఉంటే, దారిలో తీగలు ఒకదానికొకటి తగిలాయన్నా, పెట్టె పాడయిందన్నా అనుకోవాలి.

రెండోది దీనికి తిరగేసిన పరీక్ష. ట్యాంకు నిండుగా ఉన్నా దీపం వెలగడం లేదనుకోండి. అన్ని దీపాలకీ ఉమ్మడిగా ఉండే కామన్ బోల్టునీ పై బోల్టునీ బయట చిన్న వైరు ముక్కతో కలపండి. దీపం వెలిగితే తీగ, పెట్టె మంచివి. బోల్టు తల మీద గార పట్టింది, లేదా బోల్టు అరిగిపోయింది. వెలగకపోతే తీగ తెగిందన్నా, పెట్టె పాడయిందన్నా అనుకోవాలి. ఈ రెండు పరీక్షలకీ అరగంట కూడా పట్టదు, అక్కర్లేని కొనుగోళ్లు ఎన్నో తప్పుతాయి.

మా కోనసీమలో ఇంకో శత్రువు ఉంది, ఉప్పు గాలి. సఖినేటిపల్లి, మలికిపురం వైపు ఇళ్లలో జాయింటు టేపు విప్పితే రాగి తీగ కనబడదు, పచ్చటి చిలుము కనబడుతుంది. చేత్తో నలిపితే పొడి రాలుతుంది. ఆ చిలుము కరెంటుని అడ్డుకుంటుంది, తడిస్తే పక్క తీగకి వంతెన కూడా అవుతుంది. జాయింటు గీకి, మెలిపెట్టి, టంకం వేసి, ష్రింక్ స్లీవు తొడగండి. ట్యాంకు మూత దగ్గర జాయింటు అసలు పెట్టొద్దు. ఇంటి కంట్రోలరు అయితే చెయ్యి పెట్టే ముందు మెయిన్ ఆపండి. ప్రోబు వైపు తక్కువ వోల్టేజీ ఉన్నా, అదే పెట్టెలో మోటారు వైపు 230 వోల్టులు ఉంటాయి.

6. పెట్టెని తిట్టే ముందు బ్యాటరీ చూడండి

మోటర్‌హోమ్‌లో ఈ దీపాలు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. బ్యాటరీ దిగిపోయినా, ఎర్త్ వైరు బోల్టు తుప్పు పట్టినా దీపాలు పిచ్చి పిచ్చిగా వెలుగుతాయి. అన్ని ట్యాంకుల దీపాలూ ఒకేసారి తప్పు చెబితే ట్యాంకుల్ని వదిలేసి ఎర్త్ పట్టుకోండి. ఒక్క ట్యాంకే తప్పు చెబితే ఆ ట్యాంకుకే వెళ్లండి. ఇంత చిన్న ఆలోచనకి కూడా ఆగకుండా పానా పట్టుకునే కుర్రాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

7. నీరంతా ఒకటి కాదు

ప్రోబు చూసేది నీటిని కాదు, నీటిలో కరిగిన లవణాన్ని. ఆర్‌ఓ నీరు నింపిన ట్యాంకులో కొన్ని పెట్టెలు "ఖాళీ" అంటాయి, కరెంటు పారడానికి తగినంత లవణం లేక. ఉప్పు నీళ్లలో దీనికి పూర్తిగా విరుద్ధం, గోడకి అంటిన పల్చటి తడి కూడా "నిండు" అనిపిస్తుంది. వేసవిలో గోదావరి తగ్గి సముద్రపు పోటు నీరు పైకి వచ్చినప్పుడు, నది నీళ్లనే కడగడానికి వాడుకునే పడవల్లో ఈ తప్పు ఎక్కువగా చూశాను.

ఇంకో సంగతి. చౌక పెట్టెలు ప్రోబులకి ఎప్పుడూ ఒకే దిక్కున పారే డీసీ కరెంటు ఇస్తాయి. దాంతో ఒక ప్రోబు మెల్లగా కరిగిపోతుంది, రెండోదానికి గార పడుతుంది. కుర్రాళ్లు రాగి తీగనే ప్రోబుగా వదిలేస్తే కొన్నాళ్లకే మొండి మిగులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ప్రోబు వాడండి. దిక్కు మార్చుకుంటూ ఏసీ ఇచ్చే పెట్టెగానీ, బటన్ నొక్కినప్పుడు మాత్రమే కరెంటు ఇచ్చేదిగానీ కొనండి. ధర కొంచెం ఎక్కువైనా ప్రోబులు నిలుస్తాయి.

8. వాలు చూడండి, ట్యాంకు ఆకారం చూడండి

ఒక హౌస్‌బోటులో మురుగు ట్యాంకు పొద్దున "రెండు వంతులు", మధ్యాహ్నం "మూడో వంతు", సాయంత్రం మళ్లీ "రెండు వంతులు" చూపిస్తోందని పిలిచారు. మధ్యలో ఎవరూ ఖాళీ చేయలేదు. రోజంతా పడవలోనే కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనానికి యాత్రికులంతా ఒక పక్కన చేరారు. పడవ అటు ఒరిగింది. సెన్సారు రెండో పక్కన ఉంది. నీరు దాన్ని వదిలి అటు జరిగింది. సామాను ఏదీ మార్చలేదు. రేవులో పడవ నిటారుగా ఉన్నప్పుడు, మనుషులు దిగాక మాత్రమే చదవమని చెప్పి వచ్చేశాను. మోటర్‌హోమ్ కూడా అంతే, వాలు నేల మీద ఆపితే దీపం మాట లెక్కలోకి రాదు.

అడ్డంగా పడుకోబెట్టిన గుండ్రటి ట్యాంకు ఇంకో చిక్కు. ఎత్తులో పావు వంతు నీరుంటే ట్యాంకులో పావు వంతు ఉందనుకుంటాం. లెక్క వేస్తే నూటికి ఇరవై వంతులు కూడా ఉండదు. సగం ఎత్తు దగ్గర మాత్రమే రెండూ సమానం. అలాంటి ట్యాంకుకి తెలిసిన బకెట్లతో ఒకసారి నింపుకుంటూ బద్ద మీద గాట్లు పెట్టుకోండి.

9. తాకని సెన్సారుకీ దాని జబ్బులు దానికి ఉన్నాయి

మురికి బాధ పడలేక చాలామంది కొత్త రకాలకి మారుతున్నారు. ట్యాంకు బయట అంటించే కెపాసిటివ్ పట్టీ మంచిది, మురికిలో మునగదు. మోటర్‌హోమ్ బ్లాక్ ట్యాంకుకి నేను దానికే ఓటు వేస్తాను. కానీ ట్యాంకు ప్లాస్టిక్‌దై ఉండాలి, అంటించే చోట గోడ శుభ్రంగా ఉండాలి. ఇనుప ట్యాంకుకి పనిచేయదు. గోడ మరీ మందమైతే తడబడుతుంది. లోపల మురికి మందంగా పేరుకుంటే అదీ మోసపోతుంది.

మూతకి బిగించే అల్ట్రాసోనిక్ రకం ధ్వనిని కిందికి పంపి, నీటికి తగిలి తిరిగొచ్చే సమయం కొలుస్తుంది. మీటరు దూరం పోయి రావడానికి ఆరు మిల్లీసెకన్లు కూడా పట్టదు. దాని ముఖం మీద ఆవిరి చుక్క పట్టినా, సాలెగూడు అల్లుకున్నా, ధ్వని దారిలోకి పైపు అడ్డొచ్చినా, నురగ తేలినా అంకె తప్పుతుంది. పైగా దాని కిందనే ఉన్న ఇరవై పాతిక సెంటీమీటర్ల మేర అది చూడలేదు. ట్యాంకు అంచుదాకా నిండితే వింత అంకెలు వచ్చేది అందుకే. మూత కన్నా ఎత్తులో చిన్న గొట్టం పెట్టి దాని మీద బిగిస్తే ఆ బాధ తీరుతుంది.

బెండు స్విచ్చి మాత్రం సంపులో పాత చుట్టం లాంటిది. తాడు చిక్కుపడకుండా, పాచి పట్టకుండా చూసుకుంటే ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తుంది.

10. తేదీ రాసి పెట్టుకోండి

నా దుకాణంలో ప్రతి ఇంటికీ ఒక పేజీ ఉంది. ఏ తేదీన కడిగాం, ఏ దీపం తప్పింది, ఏది చేస్తే కుదిరింది. రెండేళ్లు రాసేసరికి ఏ ఇంట్లో ఎన్ని నెలలకి ప్రోబు గార పడుతుందో నాకు ముందే తెలిసేది. మీ ట్యాంకు మూత లోపలి వైపు చెరగని పెన్నుతో కడిగిన తేదీ రాయండి. మోటర్‌హోమ్‌లో ఖాళీ చేసిన ప్రతిసారీ ఎన్ని రోజులకి, ఎంతమందికి నిండిందో రాసుకోండి. నాలుగు ప్రయాణాల తర్వాత దీపం వెలగకపోయినా మీకు లెక్క తెలిసిపోతుంది.

11. ట్యాంకులోకి మాత్రం దిగొద్దు

ఇది చివర రాశాను గానీ మొదట చదవాల్సింది. కువైట్ క్యాంపులో ఒక మధ్యాహ్నం సెన్సారు రాడ్డు ఇరుక్కుంటే, నాతో పనిచేసే పాతికేళ్ల కుర్రాడు మురుగు ట్యాంకు మూత తీసి నడుం దాకా లోపలికి వంగాడు. "వాసన పోయింది బాబాయ్, పర్లేదు" అన్నాడు. ఆ మాట విన్న క్షణంలో బెల్టు పట్టి వెనక్కి లాగేశాను. ఇసుకలో వెల్లకిలా పడి కాసేపు మాట్లాడలేకపోయాడు. వాసన పోలేదు, అతని ముక్కు పోయింది. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెంగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఏ వాసనా తెలియదు. ఆ తర్వాత రెండు మూడు ఊపిరులకే మనిషి కూలిపోవచ్చు. అతన్ని తీయడానికి దిగిన రెండోవాడూ, మూడోవాడూ అలాగే పోతారు. మన ఊళ్లలో సెప్టిక్ ట్యాంకుల దగ్గర ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం ఇదే.

మురుగు ట్యాంకులో యాసిడ్ పోయకండి, ఆ విషవాయువు ఒక్కసారిగా పైకి లేస్తుంది. బ్లీచింగ్ పొడినీ యాసిడ్‌నీ, చివరికి వెనిగర్‌నైనా సరే, కలపకండి, క్లోరిన్ పుడుతుంది. మూత తీసేటప్పుడు బీడీ, అగ్గిపుల్ల దగ్గర ఉండకూడదు, మీథేన్ అంటుకుంటుంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. డబ్బిస్తామన్నా, అవతలివాడు దిగుతానన్నా నేరం నేరమే.

కాబట్టి ఇంటివాళ్లకీ, హౌస్‌బోటు వాళ్లకీ, మోటర్‌హోమ్‌లో తిరిగే మన పిల్లలకీ నా విన్నపం ఒక్కటే. ముందు కడగండి, తర్వాత తీగ చూడండి, ఆఖర్న పెట్టె కొనండి. ఏదీ కుదరకపోతే వెదురు బద్దతో కొలుచుకుని రోజులు గడుపుకోండి. ఒక సెన్సారు కోసం మాత్రం ఏ తల్లి బిడ్డనీ ఆ మూతలోంచి దింపకండి.